తీగ పీకినా పలికింది

జావీద్ ఆ చీటీ తెచ్చి నా చేతిలో పెట్టేటప్పటికి నేను మిరపకాయల రాశి ముందు కూర్చుని తొడిమలు తీస్తున్నాను. కారం చేతుల్లో ఎవరూ కాగితాలు పెట్టరు. అది తన చేతిలో ఉంచుకోలేక పెట్టాడు.

"మామ్మా, కింద పేరు చదువు" అన్నాడు.

"నాది మూడో తరగతి చదువురా. గేటు గుమస్తావి, నువ్వు చదవక నన్నడుగుతావేంది?"

"నేను చదివాలే. నాకొక్కడికే అట్టా కనపడతందా, అందరికీ కనపడతందా అని."

కళ్ళు చికిలించి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. సరుకు బయటికి వదలమని మా కోల్డ్ స్టోరేజీలో ఇచ్చే గేటు చీటీ అది. పైన ఈపూరు చిన్నకోటయ్య పేరు, నూట పది టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మూడో ఛాంబరు అని ఉంది. అడుగున 'చీటీ రాసినది' అన్నచోట 'అమర్నాథ్' అని ఉంది.

అమర్నాథ్ పోయి అప్పటికి నాలుగు నెలలు.

చిన్నకోటయ్య ఆ రోజు ఈ ఏటి సరుకు, నలభై టిక్కీలు తీసుకెళ్ళడానికి లారీ తెచ్చుకున్నాడు. నూట పది అన్నది పోయినేటి లెక్క. ఆ బస్తాలన్నీ ఉగాదికి ముందే తెనాలి షావుకారు లారీల్లో వెళ్ళిపోయాయి. అయినా చీటీలో ఉంది కదా అని హమాలీలు మూడో ఛాంబరు తలుపు తీశారు. లోపల ఒక్క బస్తా లేదు. చలి పొగ మాత్రం కాళ్ళ మీదుగా బయటికి వచ్చింది. వాళ్ళు తలుపు వేయకుండానే వెనక్కి వచ్చేశారు.

అమర్నాథ్ ఎవరో చెప్పాలి. మా కోల్డ్ స్టోరేజీ నరసరావుపేట ఊరి బయట ఉంది. దాని వాచ్‌మన్ యల్లమంద. భార్య ధనమ్మతో కాంపౌండు వెనక గోడ పక్క రెండు గదుల క్వార్టర్లో ఉంటాడు. వాళ్ళకు ఒక్కడే కొడుకు అమర్నాథ్. టిక్కీల మధ్య దాగుడుమూతలాడుతూ పెరిగి, చదువుకుని, అక్కడే కంప్యూటర్ల పనికి కుదిరాడు. గేటు దగ్గర, కాటా దగ్గర, ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నీ వాడు పెట్టినవే. చీటీలు తెలుగులో వచ్చేట్టు చేసిందీ వాడే. మొన్న శివరాత్రికి రెండు రోజుల ముందు, రాజుపాలెం నుంచి బండి మీద వస్తూ ఆగి ఉన్న లారీకి గుద్దుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళు.

వాడి కుర్చీలోకి వచ్చింది నా మనవరాలు గోపిక. డిప్లొమా చదివి రెండేళ్ళు ఖాళీగా ఉండి, ఎక్కిన ఆఫీసు గడపల్లా దిగి వచ్చిన పిల్ల. ఉద్యోగం వచ్చిందని నేను పాయసం వండితే, "ఆ అన్న పోతే వచ్చిన దానికి పాయసమేంది అమ్మమ్మా" అని గిన్నె పక్కకు నెట్టింది. కానీ నెల తిరిగేసరికి ఆ పని దానికి ప్రాణమైపోయింది.

ఆ ప్రాణానికే ఇప్పుడు ముప్పు వచ్చింది. ఏసీ గదిలో సర్వర్ అని ఒక పెద్ద మిషన్ ఉంటుంది. మిగతా కంప్యూటర్లన్నీ దాన్ని అడిగే ఏ పనైనా చేస్తాయి. అది నెలకొకసారి ఉన్నట్టుండి అందకుండా పోతోంది. అందకపోతే అందకపోయె, కాసేపు ఉంటుంది, కాసేపు పోతుంది. ఒక కంప్యూటర్లో ఇవాళ్టి లెక్క కనిపిస్తే పక్కదాంట్లో శివరాత్రి ముందటి లెక్క కనిపిస్తుంది. అమర్నాథ్ బతికి ఉన్న చివరి రోజు దగ్గరే ఆగిపోయిన లెక్క.

ఆ మధ్యాహ్నం ఓనరు బ్రహ్మాజీ గారు షెడ్డు ముందే గోపికను నిలబెట్టారు.

"ఇది నాలుగోసారి అమ్మాయ్. అయిదోసారి పోయిందంటే ఆ గది తాళాలు గుంటూరు కంపెనీ వాళ్ళకిచ్చేస్తా. నువ్వు ఇంకో చోట చూసుకో."

ఆయన వెళ్ళాక నా పక్కన తొడిమలు తీసే దుర్గ ఊరుకోలేదు. "కుర్చీ వాడిది గదా పిన్నీ. నీ మనవరాలు కూర్చుంటే వాడికి చోటేది? వచ్చి చూసిపోతన్నాడు."

"అయితే నువ్వెళ్ళి వాడికి పీటెయ్యవే" అన్నాను. అన్నానే గాని, చేతిలో కాయ తొడిమ ఊడి రాలేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక గోపిక కంచం ముందు నోటు పుస్తకం పెట్టుకుని కూర్చుంది.

"చెయ్యాల్సినవన్నీ చేశా అమ్మమ్మా. వైర్లు మార్చా. వైర్లన్నీ కలిసే డబ్బా మార్చా. ఎలుకలు కొరికినయ్యేమోనని బల్ల కింద పడుకుని చూశా. అన్నీ బాగానే ఉండయ్. పోయేటప్పుడు పోద్ది, దానంతటదే వచ్చిద్ది. మార్చిలో ముప్పావు గంట. ఏప్రిల్లో పది నిమిషాలు. మేలో రెండు గంటలు. ఇయ్యాల గంటంబావు. ప్రతిసారీ పొద్దున పదకొండు దాటాకే."

"ఏయే రోజుల్లో?"

"మార్చి ఇరవయ్యారు, ఏప్రిల్ ఇరవయ్యైదు, మే ఇరవై నాలుగు. ఇయ్యాల జూన్ ఇరవై రెండు. చూశావా, వెనక్కి జరుగుతంది. మిషన్ చెడితే ఎప్పుడంటే అప్పుడు ఆగాలి, లేదా ఒకే తేదీన ఆగాలి. ఇట్టా నెలనెలా వెనక్కి అడుగులేసుకుంటా రావటమేంది?"

ఇంగ్లీషు తేదీలు నా బుర్రలో నిలవవు. నాకు గుర్తుండేది ఆ రోజు ఏం తిన్నాను, ఎవరేమన్నారు అన్నదే. మార్చిలో పోయిన రోజు కొత్త అమావాస్యకు మూడు రోజుల ముందు. ఆ పొద్దున చీకటితోనే చద్దన్నం తిన్నాను, ఆఫీసులో గోల ఆ తరవాతే. ఏప్రిల్లోనూ చద్దన్నమే. మేలో పులిసిన గంజి. ఇవాళ పొద్దున కూడా సూర్యుడు రాకముందే అన్నం తిన్నాను. ఎందుకు తిన్నాను? నిన్న ఏకాదశి ఒక్కపొద్దు కాబట్టి. ప్రతిసారీ ఒక్కపొద్దు విడిచిన రోజే.

బహుళ ద్వాదశి.

శివరాత్రి బహుళ చతుర్దశి. దానికి రెండు రోజుల ముందంటే ఏ తిథి అవుతుందో పిల్లలైనా చెబుతారు. ఆ రోజు కోటప్పకొండకు ప్రభలు కదులుతుంటే, జనాన్ని తప్పించుకుంటూ అమర్నాథ్ శవాన్ని తెచ్చారు.

"ఏమైంది అమ్మమ్మా? ముఖం అట్టా పెట్టావేంది?"

"ఏం లేదే. తిను."

"నేనింకోటి చెప్పాలి, తిట్టొద్దు." గొంతు తగ్గించింది. "ప్రతి మిషన్‌కీ రెండు నంబర్లుంటయ్. ఒకటి మనం పెట్టేది, పేరు లాంటిది. ఆ నంబరుతో పిలిచి 'ఉన్నావా' అంటే 'ఉన్నా' అంటది. రెండోది పుట్టుమచ్చ లాంటిది, ఫ్యాక్టరీలోనే పడిద్ది. ఇయ్యాల లెక్కలు తారుమారైనప్పుడు మన సర్వర్ని పిలిచా. పలికింది. కానీ పుట్టుమచ్చ మనది కాదు."

సంచీలోంచి ఒక పాత రిజిస్టరు తీసింది. అమర్నాథ్ చేతిరాత. ఒక పేజీలో పాత సర్వర్ వివరాలన్నీ రాసుకున్నాడు. గోపిక వేలు పెట్టి ఒక్కొక్క అంకె చూపించింది. ఇటు నోటు పుస్తకం, అటు రిజిస్టరు. పన్నెండుకు పన్నెండూ ఒకటే. ఆ పేజీ మీద అడ్డంగా బ్రహ్మాజీ గారు ఎర్ర సిరాతో రాశారు: తుక్కుకు ఇచ్చేశాం.

"ఆ మిషన్ లేదు అమ్మమ్మా. అన్న పోయినాక పదిరోజులు దాన్ని ముట్టకుండా కాగితాల మీదే నడిపి, కొత్తది తెచ్చారు. బిగించినాయన అన్ని కంప్యూటర్లకీ చెప్పే పని ఎందుకని పాతదాని నంబరే కొత్తదానికి పెట్టాడు. పాతదాన్ని తుక్కు కొట్టుకి పంపారు. లేని మిషన్ పలికింది."

అప్పుడు తిథి సంగతి చెప్పక తప్పలేదు. విని కంచం పక్కకు జరిపింది.

"మళ్ళీ ఎప్పుడు?" అంది.

వేళ్ళ కణుపులు లెక్కబెట్టాను. గోడ మీది కాలెండరులో చూసింది. జూలై ఇరవై రెండు.

ఆ నెల రోజులూ కోల్డ్ స్టోరేజీలో గాలి మారిపోయింది. మూడో ఛాంబరుకు హమాలీలు ఒంటరిగా వెళ్ళడం మానేశారు. జావీద్ ప్రతి చీటీనీ ముందు అడుగున చూసి, ఆ తరవాతే పైన చూసేవాడు. ఏసీ గది గుమ్మానికి బ్రహ్మాజీ గారే నిమ్మకాయలు కట్టించారు. యల్లమంద మాత్రం నన్ను చూస్తే తల దించుకుని పక్కదారిన పోయేవాడు. కొడుకు పేరు ఇట్లా నలుగురి నోళ్ళలో పడిందని బాధపడుతున్నాడనుకున్నాను.

ఆ రోజు నేను పనికి సెలవు పెట్టి ఏసీ గదిలో స్టూలు మీద కూర్చున్నాను. బయట ఎండ మండుతోంది. లోపల నా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. అది చలికే అనుకున్నాను. గోపిక ముందున్న నల్ల తెర మీద తెల్లగా ఒక్కో గీత పడుతోంది. గోపిక 'ఉన్నావా' అని అడుగుతూ ఉంటే సర్వర్ 'ఉన్నా' అంటున్న గీతలవి.

పదకొండు దాటి ఏడు నిమిషాలకు గేటు దగ్గరి నుంచి జావీద్ కేక వినిపించింది. "ఆ పేరొచ్చిందమ్మోయ్!"

గోపిక బెదరలేదు. లేచి సర్వర్ వెనక్కి వెళ్ళి దాని వైరు పీకి నా ఒళ్ళో వేసింది.

"ఇప్పుడు మన మిషన్‌కి బయటితో సంబంధం లేదు. ఇప్పుడు పిలిస్తే పలక్కూడదు."

కూర్చుని పిలిచింది. తెర మీద గీత పడింది. ఇంకో గీత. ఇంకోటి.

నా ఒళ్ళో వైరు చచ్చిన పాములా ఉంది. దాన్ని ముట్టుకోవాలనిపించలేదు, కింద పడేయాలనీ అనిపించలేదు. ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం. గోపిక 'ఉన్నావా' అని అడుగుతోంది. ఎవరో 'ఉన్నా' అంటున్నారు, తొందర లేకుండా, ఒక్కటి తప్పకుండా.

"వెళ్ళిపోదాం పదవే" అన్నాను.

"పోతే ఉద్యోగం కూడా పోద్ది" అంది. వైర్లన్నీ కలిసే డబ్బా దగ్గరికి వెళ్ళింది. ఒక్కో వైరుకూ అమర్నాథ్ కాగితం ముక్క అంటించి పేరు రాసిపెట్టాడు: గేటు, కాటా, ఆఫీసు, అయ్యగారు. గోపిక ఒక్కొక్కటే పీకి, తెర చూసి, మళ్ళీ పెడుతూ వచ్చింది. చిట్టచివర ఒక దానికి కాగితం లేదు. దాన్ని పీకింది. గీతలు ఆగిపోయాయి.

మళ్ళీ గుచ్చింది. 'ఉన్నా.'

సర్వర్ వైరు దాని చోట గుచ్చేసి, కాగితం లేని ఆ వైరును చేత్తో పట్టుకుని వెంట వెళ్ళాం. బీరువా వెనక గోడలో చిన్న కంత ఉంది. అందులోంచి బయటికి పోయింది. బయట కాంపౌండు గోడ వెంబడి జానెడు జానెడుకూ మేకు కొట్టి, బిగువు తగ్గకుండా లాగి ఉంది. కాకర పాదు దాని మీదికి ఎక్కి కప్పేసింది. ఆకులు పక్కకు తోసుకుంటూ నడిచాం. ఎండలో మా అడుగుల చప్పుడు మాకే వినిపిస్తోంది. వైరు యల్లమంద క్వార్టర్ కిటికీలోకి పోయింది.

యల్లమంద పెరటి గోడ దగ్గర నిలబడి, గోడ మీద విస్తరి పెట్టి, "కా... కా..." అని కాకిని పిలుస్తున్నాడు. గోపిక చేతిలో ఉన్నదేమిటో చూడగానే తన చేతిలోని నీళ్ళ చెంబు వదిలేశాడు.

"తుక్కు కొట్టుకి ఇచ్చానని అబద్ధం చెప్పా తల్లీ" అన్నాడు. "వాడు రాత్రిళ్ళు ఇంటి నుంచే పని చూసుకోటానికి లాక్కున్న వైరు అది. మీ పిన్ని మిషన్ ఇవ్వనియ్యలా. నెల మాసికానికి ఒక్కపూట వెలిగిచ్చుద్ది, కాకి ముట్టగానే ఆర్పుద్ది. అయ్యగారికి తెలిస్తే ఈ క్వార్టర్ కూడా ఉండదు మాకు."

ముప్పావు గంట, పది నిమిషాలు, రెండు గంటలు. గోపిక నా వైపు చూసింది. ఏ నెల ఎంతసేపో తేల్చింది గోడ మీద వాలిన కాకి.

లోపల పీట మీద మిషన్. దానికి పసుపు, కుంకుమ బొట్లు. ముందు దీపం, విస్తట్లో గారెలు, గుత్తివంకాయ. తెర మీద ప్రభ ముందు నిలబడి నవ్వుతున్న అమర్నాథ్. ధనమ్మ దాని ఎదురుగా మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది.

"ష్... పలుకుతన్నాడు."

మిషన్ ముందు భాగంలో బియ్యపు గింజంత ఆకుపచ్చ దీపం గబగబా కొట్టుకుంటోంది.

"నేను అడుగుతా, వాడు చెప్తాడు" అంది. "తిన్నావా అంటే ఇట్టా టకటకా అంటాడు. ఇయ్యాల చానా మాట్లాడుతున్నాడు."

అది ఆఫీసు కంప్యూటర్ల ప్రశ్నలకు కొట్టుకుంటోందని నాకే అర్థమైంది. గోపికకు అర్థం కాకుండా ఉంటుందా? పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకు పెట్టుకుంటాం గాని, బతికున్నవాళ్ళ పేరు మా ఇళ్ళలో ఎవరికీ పెట్టం. ఒక పేరు పిలిస్తే ఇద్దరు పలుకుతారు. ఇక్కడ అదే జరిగింది. పాత మిషన్ పోయిందనుకుని దాని పేరు కొత్తదానికి పెట్టారు. అది పోలేదు.

గోపిక ఫోను మోగింది. బ్రహ్మాజీ గారి గొంతు నాకూ వినిపించింది. "పోయింది గదా అమ్మాయ్. తాళాలు తీసుకుని రా."

"పది నిమిషాలు సార్" అని పెట్టేసింది.

వైరు లాగేస్తే చాలు, పని అయిపోతుంది. గోపిక చేయి వైరు మీదే ఉంది. ధనమ్మ అది చూసింది.

"అది పీకితే దీపం ఆడదు గదే?"

"ఆడదు పిన్నీ."

"దీపం ఆడకపోతే ఇది ఉత్త డబ్బా. డబ్బాకి గారెలు పెట్టుకోమంటావా?"

యల్లమంద గుమ్మంలో నిలబడి రెండు చేతులూ జోడించాడు. ఆ దండం ఎవరికో నాకు తెలియలేదు. గోపిక నేల మీద కూర్చుంది.

"పీకను. దానికి వేరే నంబరు పెడతా. నేను ముట్టుకోవచ్చా?"

ధనమ్మ దాని వేళ్ళకంటిన దుమ్ము చూసింది. "చేతులు కడుక్కుని రా" అంది.

కడుక్కుని వచ్చి, గోపిక అమర్నాథ్ ఫొటో పక్కన ఒక చిన్న కిటికీ తెరిచి నాలుగు అంకెలు కొట్టింది. ఆకుపచ్చ దీపం ఆగిపోయింది. మళ్ళీ ఒక్కసారి మెరిసింది. ఆ తరవాత లేదు. ఇక ఆఫీసు కంప్యూటర్లన్నీ వాటి మిషన్‌నే అడుగుతాయి. దీన్ని అడిగేవాళ్ళు లేరు.

"ఏమే! చంపేశావా?" ధనమ్మ గొంతు కీచుమంది.

"ఉండు పిన్నీ, ఉండు" అని గోపిక చెప్పుల్లేకుండా ఎండలో పరుగెత్తింది.

నేనూ ధనమ్మా ఆ డబ్బా ముందు మిగిలాం. వత్తి చిటపటమంది. ధనమ్మ గొణుగుతోంది, "నాయనా, తిన్నావా... నాయనా..." దీపం ఆడలేదు. ఎంతసేపు అయిందో తెలియదు. నేను లేవబోయాను.

"తిన్నావా నాయనా?"

దీపం మెరిసింది. ఆగి మళ్ళీ మెరిసింది. ఇందాకటిలా గబగబా కాదు. నిదానంగా, ఊపిరి తీసుకున్నట్టు.

అటువైపు వైరు చివర నా మనవరాలు కూర్చుని పిలుస్తోందని నాకు తెలుసు. తెలిసి కూడా వెన్ను మీద చల్లటి చేయి పాకినట్టయింది. ధనమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడు నెమ్మదించాడు" అంది.

బ్రహ్మాజీ గారికి గోపిక ఒక్కటే చెప్పింది. "ఇంకో మిషన్‌కి కూడా మన నంబరే ఉంది సార్. నేను ముందే కనిపెట్టాల్సింది. మార్చేశా." ఎక్కడిదా మిషన్ అని ఆయన గుచ్చి అడిగితే, "తప్పు నాది సార్, వచ్చే నెల చూడండి. పోతే నేనే తాళాలిస్తా" అంది. ఆయనకు ఇంకా అడగాలనే ఉంది గాని, నిమ్మకాయల కింద ఎక్కువసేపు నిలబడలేకపోయారు.

శ్రావణ బహుళ ద్వాదశి నాడు బ్రహ్మాజీ గారు పదిన్నరకే వచ్చి గేటు దగ్గర జావీద్ పక్కన కుర్చీ వేయించుకున్నారు. పదకొండైంది. పదకొండున్నర. పన్నెండు. చీటీలు వరసగా వచ్చాయి, అన్నిటి కిందా గోపిక పేరే. లారీలు కదిలాయి. ఆయన లేచి, పిల్లకు ఒక మంచి మాట చెబుదామని కాబోలు, ఏసీ గదికి వచ్చారు. నేను దానికి అన్నం క్యారేజీ తెచ్చి పక్కనే నిలబడి ఉన్నాను.

గోపిక తల తిప్పలేదు. నల్ల తెర మీద ఒక్కో గీత పడుతోంది.

"ఏం చేస్తన్నావమ్మా?"

"పిలుస్తన్నా సార్."

"ఎవర్ని?"

అది తెర వైపు చెయ్యి చూపించింది. ఆయన అద్దాలు సర్దుకుని తెర దగ్గరికి వంగారు.

"ఎవరన్నా పలుకుతన్నారా?"

"పలుకుతన్నారు సార్."

ఇంకో గీత పడింది. బ్రహ్మాజీ గారు నెమ్మదిగా నిటారుగా లేచారు. చెప్పాలనుకున్న మంచి మాట చెప్పకుండానే రెండడుగులు వెనక్కి వేసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయారు.